క్రిస్మస్ సెలవుల్లో అరిజోనా, న్యూ మెక్సికో కారు ప్రయాణం: శాకాహారులైన అమ్మానాన్నలతో ఏం చూడాలి, ఎక్కడ తినాలి?

చాండ్లర్ వాసి:

అందరికీ నమస్కారం. రాజమండ్రి నుంచి మా దగ్గరకు వచ్చిన అమ్మానాన్నలు సంక్రాంతి నాటికి తిరిగి వెళ్ళిపోతున్నారు. ఈలోపల, క్రిస్మస్ సెలవుల్లో, వారికి అమెరికా నైరుతి ప్రాంతాన్ని కారులో తిప్పి చూపించాలని అనుకుంటున్నాము. అరిజోనాలోని చాండ్లర్‌లో బయలుదేరి సెడోనా, గ్రాండ్ కాన్యన్, పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ చూసుకొని, అక్కడి నుంచి న్యూ మెక్సికోలోకి దిగి, శాంటా ఫే, వైట్ శాండ్స్, టూసాన్‌ల మీదుగా ఇల్లు చేరాలని ఒక దారి గీసుకున్నాము. మొత్తం 1,500 మైళ్ళకు పైగా వస్తోంది. చేతిలో ఉన్నది మాత్రం వారం రోజుల సెలవే.

నాన్నగారు ఉన్నత పాఠశాలలో భూగోళం, చరిత్ర బోధించి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పి ఉంది కాబట్టి ఎక్కువ దూరం నడవలేరు, కాని కారు కిటికీలోంచి కనిపించే ప్రతి కొండ గురించీ ప్రశ్న వేస్తారు. అమ్మ ధనుర్మాసం పాటిస్తుంది. మాంసం మాట సరే సరి, ఈ నెల రోజులూ గుడ్డు కలిసిన పదార్థాన్ని కూడా ముట్టుకోదు. అట్లాగని పూటపూటకూ ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కుంటూ తిరగడం నాకు ఇష్టం లేదు. ఒక ప్రాంతానికి వెళ్ళి అక్కడి తిండి రుచి చూడకుండా తిరిగి రావడం ఏం బాగుంటుంది?

ఈ దారి మరీ బరువుగా ఉందా, ఉంటే ఏది వదిలేయాలి? అమ్మ నిస్సంకోచంగా తినగలిగే స్థానిక వంటకాలు ఏమున్నాయి? క్రిస్మస్ రోజున అన్నీ మూసేస్తారని విన్నాను, ఆ రోజు ఎక్కడ ఉంటే మంచిది? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.


ఫ్లాగ్‌స్టాఫ్ పాతకాపు:

మీరు గీసుకున్న దారి జూన్ నెలకైతే సరిపోతుంది, డిసెంబరుకు సరిపోదు. ఆ రోజుల్లో గ్రాండ్ కాన్యన్ దగ్గర సూర్యోదయం ఏడున్నర దాటాకనే, సూర్యాస్తమయం ఐదుంపావుకే. అంటే వెలుగు ఉండేది పది గంటల లోపే. చీకటి పడ్డాక ఈ ఎత్తు ప్రాంతాల్లో కారు నడపడం వేరే వ్యవహారం: రోడ్డు మీదికి ఎల్క్ దుప్పులు వస్తాయి, నీడ పడే మలుపుల్లో కంటికి కనిపించని మంచుపొర గడ్డకట్టి ఉంటుంది. ఫ్లాగ్‌స్టాఫ్, శాంటా ఫే, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు మూడూ ఇంచుమించు 7,000 అడుగుల ఎత్తున ఉన్నాయి. ఎడారి అన్న మాట విని పలుచని స్వెట్టర్లతో వచ్చేవారు మొదటి సాయంత్రమే దుకాణాల వెంట పడతారు.

నా సలహా మీకు కొంత వింతగా అనిపించవచ్చు: ఈ సెలవుల్లో గ్రాండ్ కాన్యన్‌ను వదిలేయండి. మానేయమనడం లేదు, విడదీయమంటున్నాను. చాండ్లర్ నుంచి అది నాలుగు గంటల ప్రయాణం. క్రిస్మస్ మరునాటి నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ గేటు దగ్గర కార్ల బారులు, పార్కింగ్ కోసం తిరుగుళ్ళు తప్పవు. జనవరి మొదటి వారం దాటితే జనం పలచబడతారు. అమ్మానాన్నలు సంక్రాంతి దాకా ఉంటున్నారు గనుక, సెలవులు ముగిశాక ఒక శని, ఆదివారాలు దానికి కేటాయించండి. ఉత్తరపు అంచును శీతాకాలంలో ఎలాగూ మూసేస్తారు, దక్షిణపు అంచు ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది.

జనవరిలో మీకు కలిసొచ్చే మరో సంగతి ఉంది. దక్షిణపు అంచు వెంబడి పోయే హెర్మిట్ రోడ్డులోకి మార్చి నుంచి నవంబరు దాకా సొంత కార్లను రానివ్వరు, బస్సులోనే వెళ్ళాలి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మాసాల్లో మాత్రం కారును అనుమతిస్తారు. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దవారికి ఇంతకంటే సదుపాయం ఏముంటుంది? హోపి పాయింట్, మొహావే పాయింట్, పీమా పాయింట్ ఒకదాని తర్వాత ఒకటి కారు దిగి చూసి మళ్ళీ వెచ్చగా కారెక్కవచ్చు. నాన్నగారిని యావపై దగ్గరి భూగర్భ ప్రదర్శనశాలకు తప్పక తీసుకువెళ్ళండి. అక్కడి నుంచి అంచు వెంబడి ఒక చదునైన బాట ఉంటుంది, అందులో వేసే ఒక్కొక్క మీటరునూ పది లక్షల సంవత్సరాలుగా లెక్కగట్టి, ఏ కాలపు రాయిని ఆ కాలపు స్థానంలో నిలిపారు. భూగోళం మాస్టారికి నడవగలిగినంత మేర చాలు. లోయ అడుగున ఉన్న 170 కోట్ల సంవత్సరాల నాటి రాళ్ళకు విష్ణు, బ్రహ్మ, రామ అన్న పేర్లే ఉన్నాయి. అక్కడి శిఖరాలకు విష్ణు, శివ, బ్రహ్మ ఆలయాలని పేర్లు పెట్టే ఆనవాయితీకి 1880ల నాటి భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డట్టన్ ఆద్యుడు. పటంలో ఆ పేర్లు చూపిస్తే మాస్టారు అక్కడి నుంచి కదలరు, అందుకు సిద్ధపడి వెళ్ళండి.

పేజ్, మాన్యుమెంట్ వ్యాలీలను ఈసారికి పూర్తిగా వదిలేయమనే చెబుతాను. పేజ్ దగ్గరి యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయలో అందరూ ఫోటోల్లో చూసే సూర్యకిరణపు స్తంభాలు శీతాకాలంలో పడవు. దాని రెండు భాగాల్లో లోయర్ కాన్యన్‌లో నిటారైన ఇనుప మెట్లున్నాయి. అప్పర్‌లో నేల చదునే గాని బయటికి వచ్చే దారిలో మెట్లు తప్పవు. మాన్యుమెంట్ వ్యాలీలోని 17 మైళ్ళ మట్టిరోడ్డు, వాన గాని మంచు గాని కురిసిన మర్నాడు, మామూలు కార్లకు పనికిరాదు.


మిరపతోట:

నేను ఆల్బకర్కీలో ఉంటున్నాను. పై మిత్రుని సలహాకు నా పూర్తి మద్దతు, దానికి కొనసాగింపుగా నాలుగు మాటలు. కాన్యన్‌ను విడదీస్తే మీ సెలవుల దారి సహజంగానే న్యూ మెక్సికో వైపు తిరుగుతుంది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఈ దేశంలో ఎక్కడ ఉండాలని ఎవరైనా నన్ను అడిగితే శాంటా ఫే అని తడుముకోకుండా చెబుతాను. గోధుమరంగు కాగితపు సంచుల్లో ఇసుక పోసి, లోపల కొవ్వొత్తి నిలిపి, మట్టిగోడల మీద, మిద్దెల అంచుల మీద, బాటలకు ఇరుపక్కలా వరసలుగా పెడతారు. కాన్యన్ రోడ్ అనే చిత్రశాలల వీధిలోకి ఆ సాయంత్రం వాహనాలను రానివ్వరు. మూలమూలల్లో చితుకుల మంటలు వేసి, వాటి చుట్టూ చేరి పాటలు పాడతారు. వీధి కొంచెం ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి నాన్నగారి కోసం కింది చివర నుంచి మొదలుపెట్టి, ఓపిక ఉన్నంత మేరకే వెళ్ళి వెనక్కి రండి.

అందుకని మీరు 24న కాక 23న తెల్లవారే బయలుదేరాలి. ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా ఐ-40 హైవే ఎక్కి, దారిలో విన్స్‌లో పట్టణంలో ఆగండి. అక్కడి లా పొసాడా హోటల్‌ను శాంటా ఫే రైల్వే ప్రయాణికుల కోసం 1930లో కట్టారు. రూపకల్పన చేసిన మేరీ కోల్టర్ అనే ఆవిడే గ్రాండ్ కాన్యన్‌లో డెజర్ట్ వ్యూ బురుజును కూడా రూపొందించారు. 1876లో ఫ్రెడ్ హార్వీ అనే వ్యాపారి రైలుదారి పొడవునా శుభ్రమైన భోజనశాలలు తెరవడం మొదలుపెట్టేదాకా, ఈ మార్గంలో రైలు ప్రయాణికులకు దక్కిన తిండి అధ్వానంగా ఉండేదట. నైరుతికి యాత్రికులు రావడం వెనక కొండలతో పాటు ఆ భోజనశాలల పాత్ర కూడా ఉంది. చరిత్ర మాస్టారికి ఈ కథ నచ్చుతుంది.

అక్కడి నుంచి పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కుకు గంట లోపు ప్రయాణం. 20 కోట్ల సంవత్సరాలకు పైబడిన చెట్లు రాళ్ళుగా మారి, రంగురంగుల దుంగలై పడి ఉంటాయి. చాలా భాగం కారులోనే చూడవచ్చు. సాయంత్రం ఐదుకల్లా గేట్లు వేసేస్తారు, క్రిస్మస్ రోజున అసలు తెరవరు, కాబట్టి వెళ్ళేటప్పుడే చూసుకోండి. చిన్న ముక్క కూడా జేబులో వేసుకోకూడదని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. రాత్రికి గాలప్‌లో ఆగితే మరునాడు మధ్యాహ్నానికల్లా నింపాదిగా శాంటా ఫే చేరుతారు.

ఇక అసలు విషయం, తిండి. న్యూ మెక్సికో వంట మనవారి నాలుకకు పరాయిది కాదు, ఎందుకంటే ఇక్కడ అన్నిటికీ మూలం మిరపకాయ. ఎండబెట్టిన ఎర్ర మిరపకాయలతో ఒక సాస్, కాల్చిన పచ్చి మిరపకాయలతో ఇంకొక సాస్ చేస్తారు. ఏది ఆర్డరు చేసినా ఎరుపా, ఆకుపచ్చా అని అడుగుతారు. రెండూ కావాలంటే క్రిస్మస్ అని చెప్పాలి, అది పండగ రోజులకే పరిమితమైన మాట కాదు. ఆకుపచ్చ సాస్‌లో తరచుగా పంది మాంసపు ముక్కలు ఉంటాయి. ఎర్ర సాస్‌ను కొందరు వట్టి నీళ్ళతోనూ, కొందరు మాంసపు రసంతోనూ చేస్తారు. కాబట్టి ప్రతిచోటా అడగాలి, అడిగితే ఎవరూ విసుక్కోరు.

మాంసం లేదని చెప్పిన వంటకంలో కూడా పంది కొవ్వు ఉండవచ్చునన్నది అమ్మగారి విషయంలో మీరు మరచిపోకూడని సంగతి. గోధుమ పిండి టోర్టియా రొట్టెల్లో, నలిపి వేయించిన చిక్కుడు గింజల్లో, ఆవిరి మీద ఉడికించే టమాలేల మొక్కజొన్న పిండిలో, ఈ రాష్ట్రపు అధికారిక బిస్కెట్టయిన బిస్కోచితోలో సంప్రదాయం ప్రకారం వాడేది అదే. ఎర్రగా కనిపించే అన్నం చాలాచోట్ల కోడి రసంలో ఉడుకుతుంది. పండగ రోజుల్లో ప్రతి ఇంటా చేసే పొసోలేలో మొక్కజొన్న గింజలతో పాటు పంది మాంసం ఉంటుంది. మొక్కజొన్న టోర్టియా మాత్రం సాధారణంగా మొక్కజొన్న, సున్నం, నీళ్ళు, అంతే. అందుచేత అమ్మగారికి నీలి మొక్కజొన్న టోర్టియాల్లో చీజ్ పెట్టి సాస్ పోసే ఎంచిలాడాలు, మాంసం కలవని ఎర్ర సాస్‌తో, కంటికీ నోటికీ విందుగా ఉంటాయి. గుమ్మడి జాతి కాయ, మొక్కజొన్న గింజలు, పచ్చి మిరపకాయ వేసి మగ్గించిన కాలబసితాస్ అనే కూర దొరికితే వదలకండి, అది మన వంటింట్లోంచి వచ్చిందనే అనుకుంటారు. నలపకుండా ఉడికించిన పింటో చిక్కుళ్ళు ఇమ్మని అడగండి, అందులో మాంసం వేయలేదని నిర్ధారించుకోండి. చిలే రెయెనోను చూస్తే మన మిరపకాయ బజ్జీ గుర్తుకు వస్తుంది గాని పై పూతలో గుడ్డు ఉంటుంది. నీలి మొక్కజొన్న పాన్‌కేక్‌లలోనూ అంతే. నీలి పిండితో కాచే ఆటోలే అనే జావ మాత్రం ఉదయం పూట ఆమెకు బాగుంటుంది.

భోజనం చివర సోపపియాలు తెస్తారు. నూనెలో వేసీ వేయగానే పూరీలా పొంగే ఈ రొట్టె మూల విరిచి, లోపల తేనె పోసుకొని తింటారు. పిండిలో ఏ కొవ్వు కలిపారో అది కూడా అడగండి. ‘సిన్ కార్నే, సిన్ మాంతెకా’ అంటే మాంసమూ వద్దు, పంది కొవ్వూ వద్దు అని అర్థం. ఇంగ్లీషులో అడిగినా అర్థమవుతుంది, కాని వంట మనిషి చెవిన పడేలా స్పానిష్‌లో అడిగితే జవాబు కచ్చితంగా వస్తుంది.

ఒక చిన్న ఆచారం కూడా చెప్పాలి. ఇక్కడ పాతకాలపు భోజనశాలలు చాలా వరకు పొద్దున, మధ్యాహ్నం మాత్రమే నడుస్తాయి. మీకు వెలుగు ఎట్లాగూ తక్కువ గనుక, చూడవలసినవి పొద్దున, సాయంత్రం చూసుకొని, పెద్ద భోజనం మధ్యాహ్నానికి పెట్టుకోండి. రాత్రికి హోటల్ గదిలో ఏదైనా తేలికగా కానిస్తే సరిపోతుంది.


చాండ్లర్ వాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాన్యన్‌ను విడదీయడమన్న ఊహ మాకు తట్టనే లేదు. నాన్నగారికి చెబితే మొదట ముఖం చిన్నబుచ్చుకున్నారు, విష్ణు ఆలయం పేరు చెప్పాక జనవరికి ఒప్పుకున్నారు. మిరపతోట గారూ, మరి 25న శాంటా ఫేలో ఏం చేయాలి? భోజనం ఎట్లా? వైట్ శాండ్స్‌ను ఈ దారిలో కలుపుకోవచ్చా?


మిరపతోట:

క్రిస్మస్ రోజున శాంటా ఫే ప్లాజా చుట్టూ ఉన్న చిన్న భోజనశాలలు దాదాపు అన్నీ మూసేస్తారు. పెద్ద హోటళ్ళలోని రెస్టారెంట్లు మాత్రం తెరిచి ప్రత్యేక భోజనం పెడతాయి, కాని ముందే బుక్ చేసుకోవాలి, ధరా ఎక్కువే. ఆ పట్టికలో శాకాహారం ఒక్కటైనా ఉంటుందా, గుడ్డు లేకుండా చేస్తారా అన్నది బుక్ చేసేటప్పుడే ఫోనులో మాట్లాడండి. పెద్ద సూపర్ మార్కెట్లు కూడా ఆ రోజు మూత కాబట్టి పాలు, పెరుగు, పళ్ళు ముందురోజు మధ్యాహ్నానికే కొని పెట్టుకోండి.

చూడడానికి మాత్రం లోటు లేదు. ఉత్తరాన 70 మైళ్ళ దూరంలో టావోస్ ప్యూబ్లో అనే ఆదివాసుల ఊరు ఉంది. మట్టి ఇటుకలతో అంతస్తులుగా కట్టుకున్న ఆ ఇళ్ళలో వేయి సంవత్సరాల నుంచి మనుషులు ఎడతెగకుండా నివసిస్తున్నారు. యునెస్కో 1992లో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సంప్రదాయం ప్రకారం 25న అక్కడ జింక నృత్యం గాని, మాటచీనెస్ నృత్యం గాని జరుగుతుంది. బయటివారిని రానిచ్చేదీ లేనిదీ ఏటా వారే నిర్ణయించుకుంటారు, కాబట్టి బయలుదేరే ముందు వారి ప్రకటన చూసుకోండి. అది పూజ, ప్రదర్శన కాదు. ఫోటోలు తీయకూడదు, ఫోను బయటికి తీయకూడదు, చప్పట్లు కొట్టకూడదు. మన గుడిలో గర్భాలయం ముందు ఎట్లా నిలబడతామో తెలిసిన పెద్దవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు, ఫోను వదలని పిల్లలకే చెప్పాలి.

టావోస్ ఊళ్ళోనే నీమ్ కరోలీ బాబా ఆశ్రమం, హనుమంతుని గుడి ఉన్నాయి. భారతదేశంలో చెక్కించి తెచ్చిన పాలరాతి హనుమంతుడు, ఆ మంచు కొండల నడుమ. వచ్చినవారికి అక్కడ శాకాహార భోజనం ప్రసాదంగా పెడతారు. వేళలు కనుక్కొని వెళ్ళండి. ధనుర్మాసంలో అమ్మగారికి ఇంతకంటే మంచి మధ్యాహ్నం నేను ఊహించలేను.

తిరుగుదారిలో పాత కొండదారి పట్టుకొని చిమయో ఊరిలో ఆగండి. 1816 నాటి చిన్న మట్టి చర్చి ఉంది. అందులో ఒక గుంటలోంచి పవిత్రమైన మట్టి తీసుకొని, నొప్పి ఉన్నచోట రాసుకుంటారు. గోడల నిండా భక్తులు వదిలిపెట్టిన ఊతకర్రలు ఉంటాయి. చిమయో ఎర్ర మిరప పొడికి న్యూ మెక్సికోలో ప్రత్యేకమైన పేరు, కొంచెం కొనుక్కోండి. కారం తక్కువ, రంగు, పరిమళం ఎక్కువ. మంచు కురుస్తుంటే మాత్రం ఆ కొండదారి వద్దు, రియో గ్రాండ్ నది వెంబడి వెళ్ళే మామూలు రోడ్డు మీదనే వచ్చేయండి.

వైట్ శాండ్స్ కలుపుకోవచ్చు, కాని అది శాంటా ఫే నుంచి దక్షిణానికి ఇంచుమించు నాలుగు గంటల ప్రయాణం. 26న గాని, ఆ తర్వాత గాని వెళ్ళండి, 25న అది కూడా మూతే. అలమొగోర్డోలో రాత్రి ఆగి, సూర్యాస్తమయం అక్కడే చూడండి.


లాస్ క్రూసెస్ పెద్దాయన:

తిండి గురించి, దారుల గురించి బాగా చెప్పారు. కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు గనుక నేను చెబుతాను. వైట్ శాండ్స్ నుంచి లాస్ క్రూసెస్ వైపు వచ్చే హైవే 70 మీద, మళ్ళీ లాస్ క్రూసెస్ దాటాక ఐ-10 మీద పడమటి దిశలో, సరిహద్దు పోలీసుల తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. మీరు మెక్సికోకు వెళ్ళకపోయినా, ఈ దేశం లోపలే తిరుగుతున్నా, కారు ఆపి అడుగుతారు. అమ్మానాన్నల పాస్‌పోర్టులు, దేశంలోకి ప్రవేశించిన నమోదు పత్రమైన ఐ-94 ప్రతులు, మీరు హెచ్-1బీ మీద ఉంటే మీ కాగితాలు అన్నీ మూలప్రతులే దగ్గర ఉండాలి. ఫోనులో ఫోటోలు ఉన్నాయి కదా అని ఊరుకోకండి. అడిగేది ఒకటి రెండు ప్రశ్నలే, నిమిషంలో పంపిస్తారు. పోలీసు దుస్తులు చూసి పెద్దవారు కంగారు పడకుండా ముందుగా చెప్పి ఉంచడం మంచిది.

ఇంకొక కాగితం: 2026 జనవరి 1 నుంచి జాతీయ పార్కుల రుసుములు మారాయి. ఈ దేశంలో నివాసం ఉన్నవారికి వార్షిక పాస్ 80 డాలర్లు, ఇతర దేశాల నుంచి వచ్చినవారికి 250 డాలర్లు. అదిగాక గ్రాండ్ కాన్యన్‌తో సహా 11 పార్కుల్లో, పాస్ లేని విదేశీ సందర్శకుల దగ్గర, 16 సంవత్సరాలు నిండినవారికి, మామూలు రుసుముకు తోడు తలకు 100 డాలర్లు వసూలు చేస్తున్నారు. వైట్ శాండ్స్, పెట్రిఫైడ్ ఫారెస్ట్ ఆ 11లో లేవు. విజిటర్ వీసా మీద వచ్చినవారు ఉన్న కారుకు నిబంధన ఎట్లా వర్తిస్తుందో పార్కు వెబ్‌సైట్‌లో ముందే చదువుకొని, దానికి తగిన పాస్ కొనుక్కోండి. గేటు దగ్గర వెనక కార్లు నిలబడి ఉండగా తేల్చుకునే విషయం కాదు అది.

వైట్ శాండ్స్ దగ్గర మాస్టారికి మాత్రం పండగే. అక్కడిది మామూలు ఇసుక కాదు, జిప్సం. నీటిలో కరిగిపోయే ఆ ఖనిజం సముద్రానికి కొట్టుకుపోకుండా అక్కడే నిలవడానికి కారణం, ఆ పల్లపు ప్రాంతం నుంచి బయటికి పారే నది ఒక్కటీ లేకపోవడమే. 2019 డిసెంబరులో అది జాతీయ పార్కు అయింది. ఆ పల్లంలో ఒకప్పుడున్న సరస్సు గట్టున దొరికిన మనిషి పాదముద్రలు 21,000 నుంచి 23,000 సంవత్సరాల నాటివని 2021లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మోకాళ్ళ నొప్పికి ఇబ్బంది కాకుండా, తిన్నెల మధ్య చెక్కలు పరిచిన చదునైన బాట ఒకటి ఉంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. పక్కనే క్షిపణి పరీక్షా కేంద్రం ఉంది గనుక పరీక్షలు జరిగే వేళల్లో హైవేను కాసేపు ఆపుతారు. ఆ సమాచారం పార్కు వెబ్‌సైట్‌లో ముందుగానే పెడతారు.


ఇడ్లీపాత్ర:

మా అత్తగారు, మామగారు వచ్చినప్పుడు ఇవే దారుల్లో తిప్పిన అనుభవంతో చెబుతున్నాను. స్థానిక వంటలు రుచి చూపించాలన్న మీ ఉద్దేశం మంచిదే, కాని రోజుకు ఒక పూట చాలు. పెద్దవారికి రెండో రోజు దాటేసరికి చీజ్ అంటే మొహం మొత్తుతుంది. వంటగది ఉన్న గదులు ఇచ్చే హోటళ్ళు ఆల్బకర్కీ, శాంటా ఫే, టూసాన్‌లలో కొరత లేకుండా ఉన్నాయి. చిన్న కుక్కరు, బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి, చింతకాయ పచ్చడి పెట్టుకోండి. పెరుగు ఎక్కడైనా దొరుకుతుంది. అయితే 7,000 అడుగుల ఎత్తున నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి పప్పు, బియ్యం మామూలు గిన్నెలో త్వరగా ఉడకవు. విజిల్ వేసే కుక్కరుంటేనే పని జరుగుతుంది. గదిలో వంట నిషేధమన్న చోట ఆ నియమం పాటించండి, పొగకు అలారం మోగితే అర్ధరాత్రి అందరూ చలిలో నిలబడాలి.

ఐ-40 మీద లారీలు ఆగే చోట్ల పంజాబీ ధాబాలు కొన్ని వెలిశాయి. పప్పు, రోటీ, చాయ్ వేడివేడిగా దొరుకుతాయి. బయటి నుంచి చూస్తే పెట్రోలు బంకులా ఉంటుంది కాబట్టి దాటిపోతారు, పటంలో ముందుగా వెతికి గుర్తు పెట్టుకోండి. అలాగే చలిలో దాహం తెలియదు, ఈ ఎత్తున గాలి మరీ పొడిగా ఉంటుంది. రక్తపోటు మందులు వాడేవారికి గంటగంటకూ నీళ్ళు అందిస్తూ ఉండాలి. మొదటి రోజు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, అది సహజమే. శాంటా ఫే చేరిన రోజున ఎక్కువ తిప్పకండి, సాయంత్రం దీపాలకు ఓపిక మిగలాలి.


చాండ్లర్ వాసి:

అందరి మాటా కలిపి ఇట్లా నిర్ణయించుకున్నాము. 23న గాలప్, 24, 25 శాంటా ఫే, 26న టావోస్ గుడి, చిమయో, ఆ తర్వాత దక్షిణానికి వైట్ శాండ్స్, టూసాన్, ఇల్లు. ప్యూబ్లోలోకి అనుమతి ఉంటే 25న ఉదయమే అక్కడికి. గ్రాండ్ కాన్యన్ జనవరిలో. శాంటా ఫేలో వంటగది ఉన్న గది దొరికింది. అమ్మ గోంగూర పచ్చడి పేరు వినగానే ప్రయాణానికి ఉత్సాహపడింది.

చివరగా ఒక్క ప్రశ్న. టూసాన్‌లో ఒక మధ్యాహ్నం మాత్రమే ఉంటాము. అక్కడ ఏది తప్పక చూడాలి, అమ్మకు ఏం పెట్టాలి?


ఫ్లాగ్‌స్టాఫ్ పాతకాపు:

ఒక్క మధ్యాహ్నానికైతే సాగువారో అనే పెద్ద కాక్టస్‌ల జాతీయ పార్కు ఒకటి చాలు. ఊరికి తూర్పున, పడమట రెండు భాగాలుగా ఉంది. మీరు ఐ-10 మీద తూర్పు నుంచి వస్తారు గనుక తూర్పు భాగానికే వెళ్ళండి, కారు దిగకుండా చుట్టి రాగల తారురోడ్డు ఉంది. ఆ కాక్టస్‌లకు మొదటి కొమ్మ రావడానికే సాధారణంగా 50 నుంచి 75 సంవత్సరాలు పడుతుంది, కాబట్టి చేతులు చాచి నిలబడిన ప్రతిదీ నాన్నగారి ఈడుదో, అంతకంటే పెద్దదో అనుకోవచ్చు. వెలుగు మిగిలితే ఊరికి దక్షిణాన 1797లో పూర్తయిన సాన్ సావియర్ తెల్ల చర్చి చూడండి.

తిండి విషయంలో టూసాన్‌ది పెద్ద పేరు. 2015లో యునెస్కో ఆహార నగరంగా గుర్తించిన మొదటి అమెరికా నగరం అదే. అక్కడ అందరూ ఎగబడే సోనోరా హాట్ డాగ్ మీకు పనికిరాదు, దానికి పంది మాంసం చుట్టి ఉంటుంది. టోహోనో ఓధమ్ జాతివారు ఎడారిలో వాననీటితోనే పండించే టెపరీ చిక్కుళ్ళు అడగండి. గింజ చిన్నది, రుచి గట్టిది. ఎండు గింజలు పొట్లాలుగా కూడా అమ్ముతారు. రాత్రంతా నానబెట్టి, కుక్కరులో పెట్టి, ఇంగువ తిరగమోత వేస్తే అమ్మగారికి ఏ సందేహమూ ఉండదు.